చెప్పు దాచిపెట్టు చిట్టితల్లి: ఒక శునకక్రీడా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలచల మల్లినాథ సూరి మన మెదక్ సీమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు దొరికింది కాళిదాసు కాబట్టి ఆ ఒట్టు చెల్లింది. నాకు దొరికింది నేనే రాసుకున్న ఒక ఆటవెలది. మూలంలో లేనిదే ఎక్కువ చెప్పాల్సి వస్తుంది, మన్నించాలి.

పద్యం పుట్టిన సందర్భం ఇది. కిందటి వానాకాలంలో మా అమ్మాయి వీధిలో తడుస్తున్న కుక్కపిల్లను చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చింది. భైరవుడని పేరు పెట్టాం. వచ్చిన నెల్లాళ్ళలో ఆ మహానుభావుడు నా చెప్పుల జత, మా ఆవిడ హవాయి చెప్పు ఒకటి, టీవీ రిమోట్‌లో సౌండు పెంచే మీట, సంక్రాంతి బొమ్మల కొలువు కోసం అట్టపెట్టెలో దాచిన కొండపల్లి అంబారీ ఏనుగు తొండం, అన్నీ నమిలి అవతల పెట్టాడు. కొండపల్లి వాళ్ళు వాడే తెల్ల పొణికి కర్ర చేతికెంత తేలికో పంటికీ అంతే తేలికని అప్పుడు తెలిసింది. శోకం శ్లోకమైన కథ మనకు కొత్త కాదు. ఇక్కడ క్రౌంచపక్షికి బదులు ఏనుగు, అంతే తేడా.

మూలం

ఆ. గోరు గుచ్చ దిగిన గొంతులో దిగకున్న
లోన తిండి దాచు లోతులున్న
అదియె బొమ్మ కుక్క కానందమును గూర్చు
చెప్పు దాచిపెట్టు చిట్టితల్లి!

ప్రతిపదార్థం

చిట్టితల్లి = ఓ కుమార్తె; గోరు గుచ్చన్ = బొటనవేలి గోటితో నొక్కగా; దిగినన్ = కాస్తంత నొక్కు పడినచో; గొంతులోన్ = కుక్క కంఠమునందు; దిగకున్నన్ = జారిపోనంత పెద్దదైనచో; లోనన్ = కడుపులో (బొమ్మ కడుపులో అని అర్థం, కుక్క కడుపులో కాదు); తిండి దాచు = ఆహారమును మరుగుపరచునట్టి; లోతులు = గుంటలు; ఉన్నన్ = కలిగినచో; అదియె = అట్టిదే; బొమ్మ = ఆటవస్తువు; కుక్కకున్ = శునకమునకు; ఆనందమును = సంతోషమును; కూర్చున్ = కలుగజేయును; చెప్పు = పాదరక్షను; దాచిపెట్టు = అందని చోట ఉంచుము.

తాత్పర్యం

బిడ్డా! పంటికి మెత్తగా, గొంతుకు పెద్దగా, ముక్కుకు పని పెట్టేదిగా ఉన్న వస్తువే కుక్కకు తగిన బొమ్మ. అది కొనే లోపల చెప్పులు ఎత్తి పెట్టు.

విశేషాలు

ఛందస్సు: ఆట గురించిన పద్యం కాబట్టి ఆటవెలది. మూడో పాదం మొదట సంధి చేయలేదేమని వైయాకరణులు అడుగుతారు. ఆ పాదం రాస్తున్నప్పుడు కాగితం రెండో కొస భైరవుడి నోట్లో ఉంది.

గోరు గుచ్చ దిగిన: ఇక్కడొక పూర్వపక్షం. "బొమ్మ పదికాలాలు మన్నాలంటే గోరు దిగనంత గట్టిది కొనాలి గదా, కవి తలకిందులుగా చెప్పాడేమి?" అని. నేనూ ఒకప్పుడు ఈ పక్షం వాడినే. ఏది కొన్నా పూటలో పీకేస్తున్నాడన్న కసితో, అట్ట మీద 'విరగదు' అని రాసి ఉన్న గట్టి నైలాన్ ఎముక తెచ్చాను. నిజంగానే విరగలేదు. మూడో వారానికి భైరవుడు అన్నం ఒక పక్కనే నమలడం మొదలుపెట్టాడు.

పశువుల డాక్టరు గారు పెదవి పైకెత్తి చూపించారు. కుక్కపిల్లకు పాలపళ్ళు 28. నాలుగో నెల నుంచి రాలుతూ, ఏడో నెల వచ్చేసరికి 42 శాశ్వత దంతాలు నిలుస్తాయి. వాటిలో బాగా పెద్ద పన్ను ఒకటి పై దవడలో పక్కగా ఉంటుంది. కింది దవడ పన్నుతో కలిసి కత్తెరలా పని చేస్తుంది. కుక్క ఏదైనా గట్టిదాన్ని పక్క నోటితో పట్టి కొరికితే బరువంతా ఆ పై పన్ను మీదే పడి, పాత గోడ సున్నం లేచినట్టు పక్క నుంచి పెచ్చు లేస్తుంది. లోపలి నరం బయటపడితే పన్ను పీకడమో, మనుషులకు చేసినట్టే రూట్ కెనాల్ చేయడమో తప్పదు. "నరం దాకా రాలేదండీ, అదృష్టవంతులు" అన్నారాయన. ఎవరో అడగలేదు నేను.

ఈ గోటి పరీక్ష ఆయన చెప్పిందే. గోరుతో నొక్కితే నొక్కు పడాలి. పడకపోతే అది పంటికి శత్రువు. దానితో మోకాలి చిప్ప మీద కొట్టుకుంటే మనకు నొప్పి పుడుతుందనిపించినా అంతే. ఈ లెక్కన జింక కొమ్ము, ఎండిన గిట్ట, బొమికె అన్నీ తప్పుతాయి. ఉడికిన బొమికెకు ఇంకో దోషం ఉంది, అది పుల్లలుగా చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఆదివారం మటను తిన్నాక మిగిలిన ఎముకలు కుక్కకు వేయడం మన తాతల నాటి ఆచారమే. తాతలు కుక్క నోరు తెరిచి చూసింది లేదు.

సహృదయులు గమనించారో లేదో, పద్యం మొత్తంలో 'గట్టి' అన్న మాట లేదు. మన్నిక వేరు, కాఠిన్యం వేరు. రాయి కఠినం, రబ్బరు మన్నిక. ఈ భేదాన్ని లోకానికి చూపినవాడు శాస్త్రవేత్త కాదు, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు జో మార్కమ్. ఆయన జర్మన్ షెపర్డ్ ఫ్రిట్జ్ రాళ్ళు కొరికి పళ్ళు అరగదీసుకుంటుండేది. ఒకరోజు ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ సస్పెన్షన్‌లోని రబ్బరు భాగం ఒకటి పక్కన పడేస్తే, ఫ్రిట్జ్ రాళ్ళు వదిలి దాన్ని పట్టుకుంది. దాని వంపుల్ని అనుసరించి చేసిందే 1976 నుంచి అమ్ముతున్న కాంగ్ బొమ్మ. పళ్ళు పడితే లొంగుతుంది, వదిలితే మళ్ళీ మామూలవుతుంది, కింద పడితే ఎటు ఎగురుతుందో తెలియదు. లొంగి నిలబడటమన్న మాట. మన ఇళ్ళలో పెద్ద కోడళ్ళకు ఈ సూత్రం ఎప్పటి నుంచో తెలుసు.

గోటి పరీక్ష దుకాణంలో చేయడానికి కొంచెం తెగింపు కావాలి. నేను అరలో ఉన్న బొమ్మల్ని వరసగా నొక్కుతుంటే కుర్రాడు వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి సార్, గిల్లుతున్నారు?"

"పరీక్ష బాబూ. గోరు దిగుతుందా అని."

"దిగదు సార్, గ్యారంటీ!"

"అయితే వద్దు."

వాడు నన్ను చూసిన చూపు ఏ కావ్యంలోనూ వర్ణితం కాలేదు.

టెన్నిస్ బంతి గోటి పరీక్ష నెగ్గుతుంది. కానీ పైన ఉన్న నూగు గరుకు. దానికి ఇసుక, మట్టి అంటితే గరుకు కాగితమే, రోజంతా నములుతుంటే పళ్ళు అరిగిపోతాయి. విసిరి తెప్పించుకోవడానికి సరే, ఆట అవగానే లాక్కుని అల్మరాలో పెట్టాలి.

గొంతులో దిగకున్న: దిగాలి, దిగకూడదు. ఒకే పాదంలో రెండూ చెప్పడం వల్ల విరోధాభాసాలంకారం. గోరు దిగాలి, గొంతులో దిగకూడదు అని విరోధ పరిహారం. బంతి కోరపళ్ళ వెనక్కి పూర్తిగా పోగలిగితే అది ఆ కుక్కకు చిన్నది. పిల్లగా ఉన్నప్పుడు కొన్న బంతినే పెద్దయ్యాకా వాడటం మన పొదుపు బుద్ధి. కుక్క పెరిగింది, బంతి పెరగలేదు.

'గొంతు' అన్నది ఉపలక్షణం, కడుపు, పేగులు కూడా గ్రహించాలి. కీచుమనే బొమ్మను చీల్చి దూదినీ, లోపలి ప్లాస్టిక్ పీకనూ మింగినా, తాళ్ళ బొమ్మ నుంచి పోగులు లాగి మింగినా తిప్పలే. తాడు పోగు మరీ ప్రమాదం. పేగు ఆ పోగు మీద కుచ్చిళ్ళు పెట్టుకున్నట్టు ముడుచుకుని కోసుకుపోతుంది. అందుకని అంచులు లేచిన తాడు బొమ్మకు ఆయుష్షు తీరినట్టే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బొమ్మ ఇంకొకటి ఉంది, అది ఏ దుకాణంలోనూ అమ్మరు. మా వీధి చివరింటి లాబ్రడార్ వేసవిలో పెరట్లో పడేసిన నూజివీడు చిన్నరసం టెంకతో ఆడుకుంది. జారుడుగా, తియ్యగా, పీచుతో, చూడ్డానికి చక్కటి బొమ్మే. ఆడి ఆడి మింగేసింది. మూడు రోజులు వాంతులు. స్కానింగ్ తీస్తే టెంక పేగులో అడ్డం పడి ఉంది, ఆపరేషన్ చేసి తీశారు. మొక్కజొన్న కండె కూడా ఇదే జాతి. రసాల కాలంలో చెత్తబుట్టకు మూత వేయండి, కుక్క ఉన్న ఇంటికి అతిథులొచ్చినా చెప్పండి.

లోతులున్న: లోతు అనక లోతులు అన్నాడు. బహువచనం పాదం నింపడానికని కొందరి ఆక్షేపం. కాదు. బోలుగా ఉన్న బంతికి ఒకే రంధ్రం ఉంటే, కుక్క నాలుక లోపలికి పెట్టి తిండి నాకుతున్నప్పుడు గాలి లాగేసి, నాలుక ఇరుక్కుని వాచిపోయిన సందర్భాలున్నాయి. రెండో పక్క ఇంకో రంధ్రముంటే గాలి ఆడుతుంది. ఒక్క ప్రత్యయంతో నాలుకను కాపాడిన కవి ఇంకొకడు నాకు తెలియదు (నేనే కాబట్టి ఇంత ధైర్యంగా అంటున్నాను).

లోపల ఏం దాచాలి? మా ఇంట్లో ఉప్పూ పోపూ లేని పెరుగన్నం కూరి డీప్ ఫ్రీజర్‌లో పెడతాం. ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి కూడా సరిపోతాయి. ఉల్లిపాయ, కిస్మిస్, చాక్లెట్ ఏ రూపంలోనూ వద్దు. పీనట్ బటర్ కొంటే సీసా మీద చిన్న అక్షరాలు చదవండి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బ తీస్తుంది. గిన్నెలో రెండు నిమిషాల్లో నాకేసే పెరుగన్నం గడ్డకట్టి బొమ్మలో ఉంటే భైరవుడికి అరగంట పడుతుంది. ఆ అరగంటే నా పేపరు చదువు. డబ్బు లేదంటారా, పాత తువ్వాలులో గుప్పెడు గింజల తిండి చల్లి చాపలా చుట్టి ఇవ్వండి. ముక్కుతో విప్పుకుంటుంది. తువ్వాలు తినే కుక్కకు మాత్రం వద్దు.

ఆనందమును: ఆనందమంటే ఏమి? దుకాణాల్లో బొమ్మలు ఎర్రగా మెరుస్తుంటాయి. ఆ రంగు కొనేవాళ్ళ ఆనందానికి. కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి. పచ్చగడ్డిలో పడ్డ ఎర్ర బంతి దానికి మట్టిరంగులో కలిసిపోతుంది, ముక్కుతో వెతుక్కోవాల్సిందే. కొత్తదనం కూడా ఆనందమే. అదే బొమ్మను పదే పదే ఇస్తే కుక్క ముఖం తిప్పేస్తుంది, కొంచెం మార్చి ఇస్తే మళ్ళీ తోక ఊపుతుంది. పది బొమ్మలు నేల మీద పోసే బదులు మూడు బయట, ఏడు పెట్టెలో ఉంచి వారానికోసారి మార్చండి. వారం తర్వాత పాతది కొత్తదే. పట్టుచీరల బీరువాకు కూడా ఈ సూత్రమే అని మా ఆవిడ అభిప్రాయం.

రసచర్చ చేస్తే, తాడు లాగుడులో వీరం, కీచు బొమ్మ పేగులు తీయడంలో బీభత్సం, డాక్టరు బిల్లులో కరుణం. శృంగారం మాత్రం సోఫా దిండుతో.

కానీ బొమ్మ ఒక్కటే రసాన్ని పుట్టించదు. అమెరికాలో సౌత్ కరొలైనాలో జాన్ పిల్లీ అనే రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ ఛేజర్ అనే బోర్డర్ కోలీని పెంచాడు. బంతులు, గుడ్డ బొమ్మలు, పళ్ళేలు, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి, దాచి, వెతికించి, ఆడించి నేర్పాడు. మూడేళ్ళలో ఆ కుక్క 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. 2011లో దాని మీద పరిశోధన పత్రం వచ్చింది. విష్ణువుకు వెయ్యి నామాలే. అందులో గొప్ప బొమ్మలదా? ఎవరింట్లోనైనా దొరికే బొమ్మలే అవి. ముసలాయన రోజూ గంటల తరబడి నేల మీద కూర్చున్నాడు. 'ఆనందమును గూర్చు' అన్న క్రియకు కర్త బొమ్మే అని వ్యాకరణం. నా మనసుకు మాత్రం అక్కడ ఒక మనిషి అధ్యాహారం.

చెప్పు దాచిపెట్టు: చెప్పుల దుకాణాల వారి ప్రతుల్లో 'చెప్పు తెచ్చి పెట్టు' అని పాఠాంతరం ఉండవచ్చు. గణాలు సరిపోతాయి, జేబు సరిపోదు. "పాతదే గదా, ఇచ్చేయండి" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. పాత చెప్పుకూ కొత్త చెప్పుకూ కుక్క ముక్కుకు తేడా లేదు. రెండింటిలోనూ మన కాళ్ళ వాసనే, దానికి అంతకన్నా ప్రియమైనది లేదు. పాతది బొమ్మ అని నేర్పినవాళ్ళు కొత్తది పోయినప్పుడు తిట్టడం అన్యాయం.

ఏనుగుకు తొండం మళ్ళీ పెట్టించాం. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే అతికించారు, రంగు కొంచెం తేడా వచ్చింది. ఈ సంక్రాంతికి దాని చోటు కొలువులో పై మెట్టు.