శొంఠికొమ్ము సారు

ఫిబ్రవరి వస్తే చక్రాయపేట టీచర్లకు ట్యాక్సు లెక్కల నెల. స్టాఫ్‌రూములో అందరూ పిల్లల ఫీజు రసీదులు బయటికి తీస్తుంటే, శొంఠికొమ్ము సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. నలభై ఏడేళ్లు. పెండ్లి కాలేదు. ‘ఒంటికాయ శొంఠికొమ్ము’లో రెండో ముక్క ఆయనకు పేరైపోయింది.

“మీ ఇద్దరు పిల్లల ఫీజుకు 80సీలో మినహాయింపు. పెండ్లాం పేరున ఎల్ఐసీ కట్టినా మినహాయింపే. నేను మాయమ్మ పేరున కడితే మాత్రం లేదంట! కన్నతల్లి ఏం పాపం చేసింది?”

ఎవరైనా ఎదురు చెబితే చరిత్రలోకి దిగుతాడు. 1955 బడ్జెట్‌లో సి.డి. దేశ్‌ముఖ్ పెండ్లయినవాళ్లకు 2,000 రూపాయల దాకా పన్ను మాఫీ చేసి, కానివాళ్లకు 1,000తో సరిపెట్టాడు. సారు చెబుతుంటే, ఆ దేశ్‌ముఖ్ ఈయన పెండ్లిచూపులు చెడగొట్టిన మేనమామేమో అనిపిస్తుంది.

“అన్నా, 80సీలో నీ లక్షన్నర పరిమితి పీఎఫ్‌తోనే నిండిపాయె కదా. రసీదులుంటే మాత్రం యాడ పెడతావు?” అని కుర్ర టీచరు అడిగితే సారుకు చెవుడు వస్తుంది.

ఇంతలో కొత్త పన్ను విధానం వచ్చిపడింది. అందులో 80సీ లేదు, పిల్లల ఫీజుల ఊసే లేదు. జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా పన్నే లేదు. సంసారీ ఒకటే, ఒంటికాయా ఒకటే. సారు సంతోషిస్తాడనుకున్నాం. నెలరోజులు అన్నం సరిగా తినలేదు. ఇరవయ్యేళ్లు సాకిన ఫిర్యాదు మరి, చేతికందొచ్చాక పోయింది.

కొత్తది దొరికేదాకా నిద్రపోలేదు. పెండ్లిలో వచ్చే కానుకలు ఎంతైనా పన్ను లేదు. పెండ్లి లేకుండా పరాయివాళ్లు ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే మొత్తానికీ పన్నే. ఇక్కడ మాత్రం ఆయన పక్షమే నేను. సారు దగ్గర చదివింపుల నోటుబుక్కుంది: ఒకే ఇంటికి పెండ్లికి, పుట్టెంట్రుకలకు, మళ్లీ ఆ బిడ్డ పెండ్లికి. అన్నీ పోయినవే. వచ్చినవి రాసే పేజీ తెల్లగానే ఉంది.

మొన్న శ్రావణంలో గండి ఆంజనేయస్వామి దగ్గర ఒక పెండ్లి. “మా బ్రహ్మచారి గుడే దొరికిందా వీళ్లకు!” అని గొణుక్కుంటూనే వచ్చాడు. చదివింపుల బల్ల దగ్గర మైకులో ఆయన పేరు, వెయ్యిన్నూటపదార్లు చదివారు. వెనక జనం తోస్తున్నారు. సారు కదల్లేదు.

“రసీదు రాయబ్బా.”