ఇరువదైదే వేగము: ఒక షట్టరు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ కవి పేరు తెలియదు. కాలం కొంత తేల్చవచ్చు. హెల్మెట్టు, చార్జి ప్రస్తావనలు ఉన్నాయి కాబట్టి నన్నయకు తర్వాతివాడని ధైర్యంగా చెప్పగలం. పద్యం దొరికిన చోటు ఒక బ్యాటరీ స్కూటర్ల కొట్టు షట్టరు. నీలం పెయింటుతో రాశారు. షట్టరు ఎత్తితే పద్యం పైకి చుట్టుకుపోతుంది కనుక కొట్టు తెరిచి ఉన్నంతసేపూ అది కనబడదు. కట్టేశాక చదువుకోవచ్చు గానీ అప్పుడు అర్థం చెప్పేవాళ్లు ఉండరు. ఈ టీక అవసరం అలా కలిగింది.

సందర్భం: పెట్రోలు లీటరు వంద దాటింది. ఇంట్లో పదిహేనేళ్ల కుర్రాడు ట్యూషనుకు బండి కావాలని పట్టుబట్టాడు. వాడికి లైసెన్సు రాదు, తండ్రికి తీరిక లేదు. కొట్టు ముందు తచ్చాడుతున్న ఆ తండ్రితో కవి ఇట్లనుచున్నాడు.

ఆ. పన్ను లేదు బండి పత్రాలు లేవురా
ముందు వెనుక ప్లేటు ముచ్చటేల
హెల్మెటేల తలకు నిరువదైదే వేగ
మెక్కి తిరుగు చార్జి మిగులునంత

ప్రతిపదార్థం

పన్ను లేదు = లైఫ్ టాక్సు కట్టే పని లేదు; బండి పత్రాలు = సీ బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషను కాగితం మొదలైనవి; లేవు = అక్కర్లేదు (పారేసుకున్నామని కాదు); రా = ఓయి కొనబోయేవాడా (లోపలికి వెళ్తే ‘సార్’ అనే అంటారు, ఈ చనువు పద్యం వరకే); ముందు వెనుక ప్లేటు = నంబరు ప్లేట్లు రెండూ; ముచ్చట = ఊసు; ఏల = ఎందుకు; తలకు = తలకు (మన వాళ్లు హెల్మెట్టును మోచేతికీ అద్దానికీ తగిలిస్తారు గనుక కవి స్థాననిర్దేశం చేశాడు); హెల్మెటు, ఏల = శిరస్త్రాణం ఎందుకు; ఇరువదైదే = ఇరవై అయిదు మాత్రమే; వేగము = గంటకు పోయే కిలోమీటర్లు; ఎక్కి = అధిరోహించి; తిరుగు = సంచరించు; చార్జి మిగులునంత = బ్యాటరీలో కరెంటు ఉన్నంతవరకు. ఆ తర్వాత ‘తోయుము’ అని అధ్యాహారం.

తాత్పర్యం

ఈ బండికి ఏ కాగితమూ ఏ బాధ్యతా లేవు, ఎవరైనా ఎక్కవచ్చు అని భావం. పద్యం నిజంగా చెబుతున్నది ఇంతకంటే చాలా తక్కువ, కొన్నిచోట్ల ఇంతకంటే చాలా ఎక్కువ.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. మూడో పాదంలో హెల్మెట్టు హకారానికి ఇరువది ఇకారంతో యతి చెల్లింది. చట్టంతో చెల్లిందా అన్నది వేరే సంగతి.

మొదటి మాటే అబద్ధం. పన్ను ఉంది. ధరలోనే నూటికి అయిదు చొప్పున జీఎస్టీ కలిసి ఉంది. 2019 ఆగస్టు 1 దాకా అది పన్నెండు. కవి ఉద్దేశం రోడ్డు పన్ను అనుకుందాం. అలా అనుకున్నా ఈ బండి గొప్పేమీ లేదు. తెలంగాణలో 2024 నవంబరు నాటి జీవో ప్రకారం, ఎనభై మీద పోయే కరెంటు స్కూటరుకు కూడా 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు మాఫీ. అందరికీ ఉన్నదాన్ని తనకే ఉన్నట్టు చెప్పుకోవడం ప్రశస్తి కావ్యాల్లో మామూలే.

పద్యానికి ఆధారమైన మూలశాస్త్రం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, రెండో నియమం, (యు) ఖండిక. బ్యాటరీ బండి మోటారు ‘ముప్పై నిమిషాల శక్తి’ 0.25 కిలోవాట్ కంటే తక్కువై, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువై, సరైన బ్రేకులుండి, ముందొక తెల్ల రిఫ్లెక్టరు, వెనకొక ఎర్ర రిఫ్లెక్టరు ఉండి, ఇవన్నీ నియమించిన పరీక్షా సంస్థ ఒకటి సరిచూసి ఒప్పుకుంటే అది మోటారు వాహనం కాదు. తొక్కే సైకిలుకు మోటారు తోడైతే, తొక్కడం ఆపినా, వేగం 25కు చేరినా మోటారు సాయం ఆగిపోవాలి.

మరి అది ఏమిటి? చెప్పలేదు. ఉపనిషత్తు బ్రహ్మాన్ని చెప్పినట్టు మన చట్టం ఈ బండిని ‘ఇది కాదు’ అని మాత్రమే చెప్పి ఊరుకుంది. మోటారు వాహనం కాదు కనుక లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, 129వ సెక్షను హెల్మెట్టు లేదు. కవి చెప్పిన ‘లేవు’లన్నీ ఈ ఒక్క ‘కాదు’ కడుపున పుట్టినవే.

ఇక్కడ కవి రెండు తప్పులు చేశాడు. శాస్త్రం ‘25 కంటే తక్కువ’ అంటే కవి ‘ఇరువదైదే’ అన్నాడు. కచ్చితంగా ఇరవై అయిదు పోయే బండి నియమం దాటినట్టే, అనగా మోటారు వాహనమే. ఛందస్సు కోసం ఒక కిలోమీటరు ఎక్కువ వాడి కవి తన సరుకును తానే ఆర్టీవో ఆఫీసుకు అప్పజెప్పాడు. మోటారు మీద ‘250 వాట్లు’ అని సగర్వంగా అంటించిన స్టిక్కరుకూ ఇదే దోషం. ఇక ప్లేటు గురించి చెప్పిన చోట ‘ముందు వెనుక’ అన్న మాట ఉండనే ఉంది. దానికి బదులు ముందు తెలుపు, వెనక ఎరుపు ఉండాలని అదే పాదంలో చెప్పే వీలుంది, చెప్పలేదు. కొనేవాడు మాత్రం వంగి చూసుకోవాలి.

ముప్పై నిమిషాల శక్తి అనే పదానికి కొంచెం ఆగాలి. అరగంట సేపు ఎడతెగకుండా సగటున ఇవ్వగలిగినంత శక్తి అని దానర్థం. ఒక్క నిమిషం పాటు మోటారు అంతకు రెండింతలు లాగినా లెక్కలోకి రాదు. ఈ వెసులుబాటు లేకపోతే బండి నడవదు కూడా. బండి, దాని మీద ఇద్దరు మనుషులు కలిపి 200 కిలోలనుకోండి. నూరు అడుగులకు అయిదడుగులు లేచే ఫ్లైఓవరు ఎక్కాలంటే 250 వాట్లతో గంటకు 9 కిలోమీటర్లే, అదీ గాలినీ టైరు రాపిడినీ వదిలేస్తే. పక్కన కూరగాయల తోపుడుబండి వాడు దాటుకుపోతాడు. అందుకని తయారీదారు స్టిక్కరు మీద అరగంట శక్తి రాసి, మోటారులో క్షణికశక్తి దాస్తాడు. శాస్త్రవిరుద్ధం కాదు. అయితే ఆ దాచిన శక్తి దాగి ఉండటం ఎవరికీ ఇష్టం లేదు, ముఖ్యంగా పదిహేనేళ్ల కుర్రాడికి.

పాఠాంతరం: మెకానిక్కు వర్గంవారు మూడో, నాలుగో పాదాల సంధిని వేరుగా విడదీస్తారు. మనం ‘వేగము; ఎక్కి తిరుగు’ అని చదివాం. వారు ‘వేగం ఎక్కి, తిరుగు’ అంటారు, అంటే ‘ఇరువదైదు అన్నది పేరుకే, వేగం పెంచుకుని తిరుగు’ అని. శ్లేష కవి ఉద్దేశించిందో లేదో గానీ వ్యవహారంలో ఈ పాఠమే స్థిరపడింది. దీన్ని ‘లాక్ తీయడం’ అంటారు. సీటు కింద కంట్రోలరు నుంచి వచ్చే తీగల గుత్తిలో కొన్ని బండ్లకు ఒక సన్నని జత వేరుగా ఉంటుంది. మధ్యలో గోరంత కనెక్టరు. అది పట్టి లాగితే బండి ఇరవై అయిదు దగ్గర ఆగదు. స్పానరు కూడా అక్కర్లేదు. చాలాచోట్ల మెకానిక్కు దీనికి డబ్బులు అడగడు, టీ తాగించమంటాడు.

ఆ కనెక్టరు ఊడిన క్షణంలో జరిగేది చిన్న సంగతి కాదు. చట్టం దృష్టిలో బండి అప్పుడే పుట్టింది. ఇప్పుడది మోటారు వాహనం, రిజిస్ట్రేషను లేనిది, బీమా లేనిది, లైసెన్సు లేనివాడు నడుపుతున్నది. నడిపేవాడు మైనరైతే 199ఏ సెక్షను కింద కేసు తండ్రి మీద: మూడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. ఈ శాస్త్రంలో ఇరవై అయిదు అంకె ఎంత ప్రియమైందో చూడండి. 25 కిలోమీటర్ల వేగం, 25 వేల జరిమానా, చట్టం 2(28)లో మోటారు వాహనం కానేకాదని వదిలేసిన చిన్న ఇంజను సామర్థ్యం 25 సీసీ.

శంక: లాక్ తీసిన బండేదో తీయనిదేదో రోడ్డు మీద బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎలా పోల్చుకుంటాడు?

సమాధానం: పోల్చుకోలేడు. మామూలు కరెంటు స్కూటర్లకు 2018 నుంచి ఆకుపచ్చ ప్లేటు ఉంది. ఈ బండికి ప్లేటు లేకపోవడమే గుర్తు. లాక్ తీసినదానికీ అదే గుర్తు, దొంగ బండికీ అదే గుర్తు. మినహాయింపు ఇచ్చేది పరీక్షాశాలలో, కొలతలు పెట్టి. చూడాల్సింది కూడలిలో, కంటితో. మధ్యన రుజువుగా ఉన్నది ఆ పరీక్షా సంస్థ సర్టిఫికెట్టు నకలు. ‘పత్రాలు లేవురా’ అన్న కవి దాచిన పత్రం అదొక్కటే. కొనేవాడు అడగాల్సిందీ అదొక్కటే. 2022 మేలో మహారాష్ట్ర రవాణా శాఖ ఇలాంటి బండ్ల మీద తనిఖీలకు దిగింది. రోజూ జరగాలంటే ప్రతి కూడలిలోనూ ఒక పరీక్షాశాల పెట్టాలి. చైనాలోనూ హద్దు ఇదే 25. 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన కొత్త ప్రమాణం మెకానిక్కును కాక ఫ్యాక్టరీని పట్టుకుంది: హద్దు దాటితే మోటారు శక్తి ఆగిపోవాలి, కంట్రోలరునూ బ్యాటరీనీ కెలకడానికి వీల్లేకుండా తయారుచేయాలి. మన శాస్త్రంలో లోపించిన సూత్రం అదేనని నా మతం. తీగను బయటికి వదిలిపెట్టి కుర్రాణ్ణి నిగ్రహించుకోమనడం ఋష్యశృంగుడి కథలోనే పనిచేయలేదు.

ఇంకొక శంక: లాక్ తీయని, నిజాయితీ గల బండే ఎవరినైనా గుద్దితే?

సమాధానం: మోటారు వాహనం కాదు గనుక థర్డ్ పార్టీ బీమా లేదు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు దారీ లేదు. కాలు విరిగిన ముసలమ్మ మామూలు సివిలు కోర్టుకు పోవాలి. ‘లేవు’ అన్న మాట ఎక్కినవాడికి ఎంత హాయిగా వినబడిందో, కింద పడినవాళ్లకు అంత భారంగా వినబడుతుంది. కవి తండ్రిని మాత్రమే సంబోధించాడు, రోడ్డు దాటేవాళ్లను సంబోధించలేదు.

‘హెల్మెటేల’ మీద వ్యాఖ్య అక్కర్లేదు. ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో తల తారుకు తగిలితే ఏమవుతుందో ఏ ఆర్థోపెడిక్ డాక్టరైనా పద్యం లేకుండానే చెబుతాడు.

బజారు సంగతి. సర్కారు ఇచ్చిన సబ్సిడీ ఈ పద్యంలో లేదు. అలవాటుగా కవి మరిచాడని అనుకోకండి. అది ఈ బండికి రాలేదు. 2019 ఏప్రిల్‌లో మొదలైన, పది వేల కోట్ల ఫేమ్-2 పథకంలో రెండు చక్రాల బండికి డబ్బు రావాలంటే గరిష్ఠ వేగం కనీసం 40, ఒక చార్జికి దూరం 80 కిలోమీటర్లు ఉండాలన్నారు. ఒక చేతి నియమం 25 లోపల ఉండమంది, రెండో చేతి డబ్బు 40 పైన ఉండమంది. పెద్ద బ్యాటరీ కొనగలిగినవాడికి 2021 జూన్ నుంచి కిలోవాట్ అవరుకు పదిహేను వేలు ముట్టాయి. పాలు పోసేవాడు, టిఫిన్లు మోసేవాడు, మోకాళ్ల నొప్పుల రిటైర్డు మాస్టారు కొనుక్కునే చిన్న బండికి పైసా రాలేదు. అందుకే చాలా బండ్ల కాళ్ల దగ్గర లిథియం కాక బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీలే వరసగా కూర్చున్నాయి. ఢిల్లీ ప్రభుత్వం 2022లో మొదటి పది వేల ఈ-సైకిళ్లకు అయిదున్నర వేల దాకా ఇస్తానంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి మాట వచ్చి ఉంటే మా కవి రెండో పద్యం రాసేవాడు.

‘చార్జి మిగులునంత’ అన్నది పద్యంలో అన్నిటికంటే నిజమైన మాట. దాని గురించి తేలిగ్గా రాయడానికి మనసు రాదు. 2022 ఏప్రిల్‌లో కొద్దిరోజుల తేడాతో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి ఏఐఎస్ 156 కింద బ్యాటరీ పరీక్షలు బిగించారు. ఆ ప్రమాణం రాసింది మోటారు వాహనాలకు. మన బండి మోటారు వాహనం కాదని పైన ఎంత కష్టపడి రుజువు చేశామో మీకు గుర్తుంది. మంచం పక్కన ప్లగ్గు పెట్టొద్దు, వేడి బ్యాటరీని వచ్చీరాగానే చార్జింగుకు తగిలించొద్దు. ఇది టీక కాదు, ఉత్త మాట.

చివరగా ప్రక్షిప్తం. షట్టరు అడుగున, తాళం కొక్కెం పక్కన, చీమలంత అక్షరాలతో ‘షరతులు వర్తిస్తాయి’ అని ఉంది. పెయింటు రంగు వేరు, ఛందస్సు లేదు, కాబట్టి ఇది కవిది కాదు. ఆ షరతులు ఏమిటని పగలు వెళ్లి అడిగితే బండితో ఇచ్చే పుస్తకంలో ఉన్నాయన్నారు. పుస్తకం చైనా భాషలో ఉంది. ఒక పేజీలో మాత్రం బొమ్మ వేశారు: సీటు కింద కంట్రోలరు, దాని పక్కన సన్నని తీగల జత, వాటి మీద ఎర్రటి అడ్డగీత. ముట్టుకోవద్దని ఏ భాషవాడికైనా తెలుస్తుంది. ఏ తీగ లాగాలో తనకు తెలిసింది ఆ బొమ్మ చూసేనని మెకానిక్కు చెప్పాడు.