ఎంట్రీ మాస్టారు

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైవే వెంట ఏ హైస్కూల్లోకైనా తొంగిచూడండి, ఒక ఎంట్రీ మాస్టారు కనిపిస్తారు. సర్కారు జీవోల్లో ఆ పోస్టు లేదు. ఎప్పుడో హెచ్చెమ్ గారి ఫోన్లో చిక్కుకున్న ఓటీపీని బయటికి లాగిన పాపానికి బడి పాస్‌వర్డులన్నీ ఆయన మెడకు చుట్టుకున్నాయి. మా ఎంట్రీ మాస్టారికి జేబులో రెండు ఫోన్లు, సంచిలో పవర్ బ్యాంకు. సుద్దముక్క మాత్రం నన్నడిగి తీసుకుంటారు. అసలు ఆయన లెక్కల మాస్టారు.

2022లో ముఖం చూపించి హాజరు వేసుకోవడం మొదలయ్యాక ఆయన మీసం ఆయన చేతిలో లేకుండా పోయింది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు తలనీలాలిచ్చి వచ్చిన మర్నాడైతే ఫోను అసలు ఎరగనే ఎరగనంది. గేటు దగ్గర నిలబడి తువ్వాలు చుట్టారు, తీశారు, నవ్వారు, నవ్వు మానేశారు. "నేనేనమ్మా" అని బతిమాలారు కూడా. పిల్లలంతా గుర్తుపట్టి నమస్కారం పెడుతున్నారు, ఫోను ఒక్కటే కాదంటోంది.

ఫార్మేటివ్ పరీక్ష వచ్చిందంటే ఆయనకు నిద్ర ఉండదు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి స్పందన, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అని నాలుగు గళ్లు. నలభై మంది క్లాసుకు 960 గళ్లు! కళలు, పని విద్య, విలువల లెక్క వేరే. "పంతులుగారూ, ఈ పిల్లాడికి విలువలు ఎంత వెయ్యమంటారు?" అని రాత్రి పదింటికి నాకు ఫోను. పదుల యాప్‌లను 'లీప్' అనే ఒక్క యాప్‌లో కలిపేశారని తెలిసిన రోజున స్టాఫ్ రూములో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. ఇకమీదట ఒక్క పాస్‌వర్డు మరచిపోతే చాలట.

సబ్జెక్టుల మధ్య సంబంధం ఉండాలని ట్రైనింగులో చెప్పారు. ఆ మాటను ఆయనంత శ్రద్ధగా పాటించినవాళ్లు లేరు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం చార్టు తెచ్చాడు. 1882లో బర్జెస్ దొర తవ్వించినదీ, మాంధాత పలక మద్రాసు మ్యూజియానికి వెళ్లిపోయినదీ అదే. చార్టును ఒక్క ఫొటో తీసి, సోషల్‌లో చరిత్ర కింద, నా తెలుగులో వ్యాసం కింద, ఆయన లెక్కల్లో అర్ధగోళం కింద ఎక్కించేశారు. మూడు గళ్లు ఒక్క నొక్కుతో! నేను నోరు మూసుకున్నాను, నా గడి కూడా నిండింది కదా.

నాలుగోది సైన్సులో దూర్చబోతూ ఆయనకే అనుమానం వచ్చింది. "ఒరేయ్, అక్కడ ఇటుక పీఠమే కదరా మిగిలింది, ఈ గుండ్రం ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

"చుట్టూ నడిచి కొలిచాను సార్. దాన్నిబట్టి పైన ఎంత ఉండుంటుందో గీశా."

మాస్టారు ఫోను బల్లమీద పెట్టారు. అది కాసేపు వెలిగి, లాగౌట్ అయిపోయింది. అప్పటిదాకా ఎక్కించి సేవ్ చెయ్యనివన్నీ పోయినట్టే. ఆయన మాత్రం అటు చూడలేదు. నా చేతిలో సుద్దముక్క లాక్కుని వరండా గచ్చుమీద గొంతుక్కూర్చున్నారు.

"అడుగులా, అంగలా?"