మెట్లెక్కే కుర్చీ, కదలని కొడుకు

మా ఇంట్లో కింద ఉన్నది ఒకటే పడకగది. దాన్ని నేను స్టడీ రూమ్ అంటాను. మా ఆవిడ ‘ఆయన కునుకు తీసే చోటు’ అంటుంది. పుస్తకాల బీరువాలు, వాలుకుర్చీ, కిటికీలోంచి గాలి, పక్కనే బాత్‌రూమ్. రిటైరైన లెక్కల లెక్చరర్‌కి ఇంతకంటే ఏం కావాలి? అమ్మ గది మేడమీద. ఎనభై దాటాక కూడా రోజూ ఎక్కి దిగేది. మెట్లు ఎక్కితే ఒంటికి మంచిదని కింద కూచుని చెప్పేవాణ్ణి.

అమ్మకు తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, ఇక చక్రాల కుర్చీయే గతి అని తేలాక, నా బుర్రలో మెరిసిన మొదటి ఆలోచన మెట్ల లిఫ్టు. రెండో ఆలోచన రాకుండా జాగ్రత్తపడ్డాను.

న్యూజెర్సీలో ఉన్న బావమరిది వీడియో పంపాడు. అందులో ఒక పెద్దావిడ బటన్ నొక్కి పల్లకీ ఎక్కిన జమీందారిణిలా నవ్వుతూ మేడమీదికి వెళ్లిపోయింది. ఆ రాత్రే నేను పండితుణ్ణయ్యాను. కుర్చీ కదిలే పట్టాను గోడకు కాదు, మెట్లకే బోల్టులతో బిగిస్తారట. కుర్చీ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా మధ్యలో వేలాడక్కర్లేదట. పాదాల కింద పిల్లో పుస్తకమో అడ్డం వస్తే దానంతటదే ఆగుతుందట. ఇదంతా అన్నం దగ్గర అమ్మకు వివరించాను. హాల్లో వేసిన మంచం మీద కూచుని ఆవిడ శ్రద్ధగా విన్నది. హాల్లో ఎందుకంటే, ‘తాత్కాలికంగా’.

కొలతలకు వచ్చిన కుర్రాడు మా మెట్లు చూసి మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. అమెరికా వీడియోలో మెట్లు తిన్నగా ఒకే వరస. మావి సగం ఎక్కి, వెనక్కి తిరిగి, మళ్లీ ఎక్కేవి. మన డూప్లెక్సుల్లో చాలావాటివి అంతే. తిన్నని పట్టా అయితే తయారుగా దొరుకుతుంది, మలుపులున్నదాన్ని ఆ ఇంటి మెట్లకు ప్రత్యేకంగా వంచి చేయించాలి. ధర అమాంతం పెరుగుతుంది. రేపు అమ్ముకుందామన్నా సరిగ్గా ఇవే మెట్లున్నవాడు దొరకాలి. పైగా కుర్చీని మడిచినా మెట్టు వెడల్పులో అడుగుకు పైగా అదే తినేస్తుంది. అయినా నేను తగ్గలేదు. తల్లి కోసం డబ్బు లెక్కచూసే కొడుకునా!

అప్పుడు అమ్మ అడిగింది, “ఒరేయ్, నేను ఆ కుర్చీలో పైకెళ్తాను సరే. ఈ కుర్చీ ఎలా వస్తుందిరా?”

రాదు. మెట్ల లిఫ్టు మనిషిని మోస్తుంది, చక్రాల కుర్చీని కాదు. కింద ఒకటి, పైన ఒకటి ఉండాలి. రెండుచోట్లా ఆవిణ్ణి ఇందులోంచి అందులోకి మార్చే మనిషీ ఉండాలి. “రెండో కుర్చీ కొందాం” అన్నాను ఉదారంగా.

ఈలోగా ఆసుపత్రికి తీసుకెళ్లి తేవడానికి వాకిట్లో ర్యాంపు తప్పలేదు. మేస్త్రీ మూడు మెట్లనూ చూసి, “అయిదడుగుల్లో దింపేద్దామండి మేస్టారూ. స్కూటరెక్కేస్తదండి” అన్నాడు. ముప్పై ఏళ్లు వాలు చెప్పి బతికినవాణ్ణి, ఎదురు చెప్పడానికి ఇంతకంటే మంచి ఘట్టం దొరకదు. 2021లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉన్నది పన్నెండుకు ఒకటి వాలే. మెట్ల ఎత్తు మొత్తం 18 అంగుళాలు గనక ర్యాంపు 18 అడుగులు రావాలి. మనిషీ కుర్చీ కలిసి 72 కిలోలనుకుంటే, అయిదడుగుల ర్యాంపు మీద తోసేవాడికి ఇరవై కిలోల పైచిలుకు బరువు మీద పడుతుంది, పద్ధెనిమిదడుగుల దాని మీద ఆరు కిలోలే. రాపిడి లెక్కలో వేయలేదు.

“తోసేది తమరేనాండి?” అన్నాడు మేస్త్రీ. వెంటనే పద్ధెనిమిది ఖాయమైంది.

గేటుకీ వరండాకీ మధ్య ఉన్నదే పది అడుగులు. ఎదురుగా వేద్దామంటే తులసికోట అడ్డం. దాని జోలికొస్తే పుట్టింటికి పోతానంది మా ఆవిడ. ఈశాన్యంలో ఎత్తు కూడదన్నాడు వాస్తు చూసే పక్కింటాయన. చివరికి పక్క సందు వెంట సాగదీసి, పైన కుర్చీ తిప్పుకోవడానికి సమతలం వదిలాం. నున్నటి గ్రానైటు వేయిద్దామన్న నా సౌందర్యదృష్టిని మేస్త్రీయే అడ్డుకుని, గరుకు పార్కింగ్ టైల్స్ వేశాడు. వానలో చక్రం జారదు, తోసేవాడి కాలూ జారదు. అంచున చక్రం పక్కకు పడకుండా చిన్న గట్టు, పట్టుకోవడానికి స్టీలు రెయిలింగు. గడప తీయడానికి అమ్మే ఒప్పుకోలేదు. దానికి రెండువైపులా చెక్కతో చిన్న వాలు చేయించాం. శుక్రవారం నాడు వాటిని పక్కకు జరిపి పసుపు రాస్తారు.

ఇక లిఫ్టుకు అడ్వాన్సు కట్టే రోజు. మా ఆవిడ మాట్లాడకుండా టేపు తీసుకుని మేడమీదికి వెళ్లింది. చక్రాల కుర్చీ వెడల్పు 25 అంగుళాలు. పై బాత్‌రూమ్ ద్వారబంధం లోపలి కొలత 24. తర్వాత కిందికి వచ్చి నా గది బాత్‌రూమ్ కొలిచింది, 32. టేపు చుట్టేస్తూ, “ఏవండీ, మీరు పైకెళ్లడానికి ఏ లిఫ్టూ అక్కర్లేదు కదా?” అంది.

బీరువాలు మోసే రోజున అమ్మ హాల్లో కూచుని అజమాయిషీ చేసింది. ప్రతి బీరువాకీ, “మెల్లిగా ఎక్కు నాన్నా, మెట్లు ఒంటికి మంచివి” అంది.

లిఫ్టు అనవసరమని కాదు. కింద గదే లేనివాళ్లకు, కూచోగలిగి మెట్లు మాత్రం ఎక్కలేనివాళ్లకు అది పనికొచ్చే యంత్రమే. కొనే ముందు మాత్రం పై బాత్‌రూమ్ తలుపు కొలుచుకోండి. నా దగ్గర మూడు కంపెనీల కొటేషన్లున్నాయి. కిందిగది ఖాళీ చేయడం ఇష్టంలేని కొడుకులెవరైనా అడిగితే ఉచితంగా ఇస్తాను.