పూడిన బోదె

“కొత్త కూలర్ తెచ్చుకున్నారా?” అని అడిగాడు గేర్‌బాక్స్ షెడ్డు పెద్దాయన. “తెచ్చుకున్నాను” అన్నాను. తేలేదు. తెచ్చే ఉద్దేశమూ లేదు. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో మే నెల శనివారం పూట ఆడిన ఆ అబద్ధానికి డబ్బు రూపంలో కట్టాల్సింది కట్టేశాను. ఇంకొకటి మిగిలిపోయింది. ఇది రాయడం అందుకోసమే.

నా కారు 2002 నాటి షెవర్లే కమారో జీ28. 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 ఇంజిన్, 310 హార్స్‌పవర్, నాలుగు గేర్ల 4ఎల్60-ఈ ఆటోమేటిక్. కమారోల్లో ఆ తరం అక్కడితో ఆగిపోయింది. మళ్లీ కమారో బజారులోకి రావడానికి ఏడేళ్లు పట్టింది. ఇంజనీరింగ్ కాలేజీ రోజుల్లో గోడకి అంటించుకున్న బొమ్మ అది. నలభై రెండో ఏట, చేతులు మారి మారి వచ్చినదాన్ని కొనుక్కున్నాను.

ఆటోమేటిక్‌కి వేడే శత్రువు. మాన్యువల్ కారులో ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ క్లచ్ ప్లేటు పట్టి ఉంచుతుంది. ఇందులో ఆ పని టార్క్ కన్వర్టర్‌ది. ఇంజిన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెని విసురుతుంది, ఆ నూనె ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా ఉన్నంతసేపూ వేడి పుడుతుంది. హైవే మీద సాఫీగా పోతుంటే కన్వర్టర్ లాక్ అయిపోయి నూనె చల్లబడుతుంది. నేను నడిపే రేస్ ట్రాక్ మీద బ్రేకు, యాక్సిలరేటరు, మళ్లీ బ్రేకు. లాక్ అయ్యే తీరికే దానికి దొరకదు. కంపెనీ వాళ్లు రేడియేటర్ పక్క ట్యాంకులోనే నూనెకి చిన్న కూలర్ పెట్టారు. ఎండాకాలం నూనె తన వేడిని కూలెంట్‌కి ఇస్తుంది, చలికాలం పొద్దున కూలెంటే నూనెని వెచ్చబెడుతుంది. ఆఫీసుకి వెళ్లి రావడానికి అది చాలు. ట్రాక్‌కి చాలదు.

అందుకే 140 డాలర్లు పెట్టి పలకలు పేర్చిన రకం కూలర్ కొన్నాను. ఆ పని నేనెంత శ్రద్ధగా చేశానో చెప్పాలి, ఎందుకంటే తర్వాతి తప్పంతా ఆ శ్రద్ధలోంచే పుట్టింది. రేడియేటర్ దగ్గర రెండు గొట్టాలు ఉంటాయి. వెళ్లేది ఏది, తిరిగొచ్చేది ఏది? రేడియేటర్ దగ్గర ఒక గొట్టం విప్పి, బకెట్ పెట్టి, మిత్రుణ్ణి రెండు సెకన్లపాటు ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాను. నూనె ఎటునుంచి చిమ్మిందో చూసి గుర్తు పెట్టుకున్నాను. ముందు రేడియేటర్, తర్వాత గాలి తగిలే కొత్త కూలర్, ఆపైన గేర్‌బాక్స్, ఆ వరసలోనే కలిపాను. ట్రాన్స్‌మిషన్ నూనెకి తగిన హోస్ పైపే తెచ్చాను. లోహపు గొట్టం కోసినచోట అంచుని ఉబ్బెత్తుగా తీర్చాను, ఒత్తిడికి పైపు జారిపోకుండా. రెండు వారాంతాలు పట్టింది. గరాజ్ తలుపు తెరిచినప్పుడల్లా వంగి ఒకసారి దాన్ని చూసుకునేవాణ్ణి.

చూడనిది ఒకటుంది. ఈ కారుకి ముందు మూతిలో గాలి పోయే సందు పెద్దగా ఉండదు. మూతి కింద వేలాడే నల్లటి ప్లాస్టిక్ పలక, ఎయిర్ డ్యామ్ అంటారు, రోడ్డు మీది గాలిని ఒడిసిపట్టి పైకి, రేడియేటర్‌లోకి మళ్లిస్తుంది. నాది అంతకు ముందు వేసవిలోనే పార్కింగ్ దిమ్మెకి తగిలి ఊడిపోయింది. ప్లాస్టిక్ ముక్కే కదా అని వదిలేశాను. గాలే సరిగా రాని చోట కూలర్ బిగించానన్నమాట. నూనె ఎంత వేడెక్కుతోందో చూపించే గేజ్ కూడా పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఏప్రిల్‌లో క్రెసన్ ట్రాక్ మీద, మధ్యాహ్నం ఎండలో, మూడో గేర్ జారింది. ఇంజిన్ చప్పుడు పెరుగుతోంది, కారు మాత్రం ముందుకు దూకడం లేదు. ఈ గేర్‌బాక్స్‌లో మూడు-నాలుగు గేర్ల క్లచ్ ప్లేట్లే బలహీనమని దాని సంగతి తెలిసినవాళ్లందరికీ తెలుసు. మెల్లగా 377 రోడ్డు మీద ఇంటికి చేర్చి డిప్‌స్టిక్ తీస్తే, ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగులో, మాడు వాసన కొడుతోంది.

ఖర్చు తగ్గుతుందని గేర్‌బాక్స్ నేనే దించి షెడ్డుకి తీసుకెళ్లాను. పెద్దాయన మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, అరవై దాటి ఉంటాయి. విప్పి చూపించి, 2,300 డాలర్లకి ఒప్పుకుని, ఒక కాగితం ఇచ్చాడు. కొత్త కూలర్ వేస్తేనే వారంటీ. సంతకం పెట్టాను. తీసుకెళ్లే రోజున మళ్లీ నోటితో అడిగాడు. అప్పుడు ఆడిన అబద్ధమే పైన చెప్పింది.

ఎందుకు ఆడాను? 140 డాలర్ల కోసం కాదని నాకు తెలుసు. ఆ కూలర్ నా చేతిపని. నాలుగు నెలలు కూడా కాలేదు. దాన్ని చెత్తలో వేయడమంటే నా రెండు వారాంతాలూ చెత్తలో వేయడమే అనిపించింది. ఇంటికొచ్చి, బ్రేక్ క్లీనర్ డబ్బా ఒక వైపు నుంచి ఒకటి, ఇంకో వైపు నుంచి ఒకటి కొట్టి, కంప్రెసర్ గాలి పెట్టాను. చివర్లో తేటగా వచ్చింది. శుభ్రమైందని నమ్మాను.

మాది తణుకు దగ్గర పల్లె. చేలో నాలుగు బోదెలుండి ఒకటి పూడిపోతే, పైనుంచి ఎన్ని నీళ్లు వదిలినా ఆ ఒక్కదాంట్లోకి వెళ్లవు, మిగతా మూడింట్లోంచి గలగలా పోతాయి. చివర నిలబడి చూసేవాడికి నీరు బాగానే పారుతున్నట్టు కనిపిస్తుంది. నాన్న పార పట్టుకుని బోదెలోకి దిగి పూడిక తీస్తుంటే గట్టు మీద కూర్చుని చూసినవాణ్ణి నేను. కూలర్‌లో పలకల మధ్య దారులూ అంతే, పక్కపక్కనే డజనుకు పైగా ఉంటాయి. నేను కొట్టిన ద్రావకం తెరిచి ఉన్న దారుల్లోంచి పోయింది. పూడినవి పూడినట్టే ఉన్నాయి. లోపలికి దిగి తీసే పార ఏదీ లేదు గనకే గేర్‌బాక్స్ కాలిపోతే కూలర్ మార్చి తీరాలంటారు.

ఐదు వారాలకి రివర్స్ గేర్ పడటం ఆలస్యమవసాగింది. తర్వాత సన్నని రొద. ఆపైన కారు కదల్లేదు.

టో ట్రక్కు మీద షెడ్డుకి వేయించుకుని వెళ్లాను. నలుగురు పనివాళ్లు ఉన్నారు. వాళ్ల ముందే ఆయన మీద అరిచాను. కొత్త ప్లేట్లకి డబ్బు తీసుకుని పాతవే వేశావన్నాను. దొంగ అనే మాట కూడా వాడాను. ఆయన మారు మాట్లాడకుండా చేతులు తుడుచుకుని, “రేపు కూలర్ తీసుకురండి” అన్నాడు.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది. “ఏవండీ, కూలర్ మార్చమని కాగితం ఇచ్చాడన్నారు కదా. మార్చారా?” జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయాను. అప్పటికి నాకు తెలుసు. తెలిసి కూడా పొద్దున్న వెళ్లేదాకా ఆయనదే తప్పయి ఉండాలని కోరుకుంటూ పడుకున్నాను.

కూలర్‌ని ఆయన వైస్‌లో బిగించి రంపంతో కోశాడు. పలకల మధ్య నల్లటి బురద, అందులో మెరిసే లోహపు రజను. వేలితో తీసి గుడ్డ మీద రాశాడు. అప్పుడు చెప్పిన సంగతి నాకు అంతవరకూ తెలియదు. ఫిల్టర్ కింద ఆయిల్ పాన్‌లో, పంపు పీల్చుకునే చోట ఉంటుంది. కూలర్ నుంచి తిరిగొచ్చిన నూనె నేరుగా ఆ పాన్‌లోకి రాదు. ముందు బుష్‌లకీ పళ్ల చక్రాలకీ కందెనగా వెళ్లి, ఆ తర్వాతే కిందికి దిగుతుంది. అంటే నా కూలర్‌లో దాక్కున్న రజనంతా వడపోత లేకుండా తిన్నగా ఆయన కొత్తగా కట్టిన గేర్ల మీద పడింది. సగం దారులు మూసుకుపోయి రావలసినంత నూనె కూడా రాలేదు.

“ఇది కొత్తదేనా?” అని అడిగాడు. అంతే. నేను నేల చూశాను.

రెండోసారి పూర్తి డబ్బు కట్టాను. కొత్త కూలర్ వేశాను, గొట్టాలు మార్చాను, ఎయిర్ డ్యామ్ బిగించాను, పాన్‌లో నూనె వేడి చూపే గేజ్ పెట్టాను. కలిపేటప్పుడు ఆయన తిరుగు పైపుని క్వార్టు సీసాలో పెట్టించి గడియారం చూశాడు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఇరవై సెకన్లలో నిండాలి. పద్దెనిమిదికే నిండింది. ఎర్రగా, తేటగా. ఇప్పుడు హైవే మీద 175 ఫారెన్‌హీట్ దగ్గర నిలుస్తుంది. ట్రాక్ మీద 220 దాటితే పక్కకి తీసి చల్లారనిస్తాను.

ఆ సాయంత్రం షెడ్డు మూసే వేళ, ఆయనా నేనూ మాత్రమే ఉండగా, క్షమించమని అడిగాను. సరే అన్నట్టు తలూపాడు. ఇంటికి వస్తుంటే తట్టింది. దొంగ అన్నది నలుగురి ముందు. క్షమాపణ అడిగింది ఎవరూ లేని చోట. ఆ నలుగురికీ నేనన్న మాటే మిగిలి ఉంది. ఇది అర్థమయ్యాక కూడా వెళ్లడానికి రెండు నెలలు సాగదీశాను.

పోయిన శనివారం పన్నెండింటికి వెళ్లాను, అందరూ అన్నం డబ్బాలు తెరిచే వేళకి. నిలబడి చెప్పాను. కూలర్ మార్చానని అబద్ధమాడాననీ, గేర్‌బాక్స్ పాడుచేసింది నేనేననీ, ఆయన్ని అన్న మాట తప్పనీ. వాళ్లలో చిన్న కుర్రాడు తినడం ఆపి విన్నాడు. ఒకతను పక్కవాడికి స్పానిష్‌లో తిరిగి చెప్పాడు. పెద్దాయన తల ఎత్తలేదు, తింటూనే ఉన్నాడు. నేను చెప్పడం అయ్యాక, బల్ల మీది నీళ్ల సీసా నా వైపు జరిపాడు.