అయిదంగుళాలే కదా!

సెకండ్‌హ్యాండ్ అవుట్‌బోర్డ్ మోటారు బేరంలో షాఫ్ట్ పొడుగు సంగతి ఎత్తి చూడండి, అమ్మేవాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "అయిదంగుళాలే కదా, సర్దుకుపోతుంది." ఎవరు సర్దుకుపోవాలో మాత్రం చెప్పడు. మోటారు సర్దుకోదు. పడవ సర్దుకోదు. నీళ్లు మరీ మొండివి. మిగిలింది కొన్నవాడే.

తయారీదార్లు ఈ లెక్కను ఏమీ దాచలేదు. 15 అంగుళాలది షార్ట్, 20 లాంగ్, 25 ఎక్స్‌ట్రా లాంగ్. కంపెనీని బట్టి అంగుళమో రెండో తేడా ఉంటుంది. పడవ వెనక మోటారు బిగించే నిలువు పలక పేరు ట్రాన్సమ్. దాని ఎత్తుకు తగ్గ పొడుగున్న మోటారే దానికి పెట్టాలి. ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఉండే రేకు పడవ అడుగుతో ఇంచుమించు సమానంగా నిలిస్తే లెక్క కుదిరినట్టే.

దీనికి కావలసింది ఒక టేపు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడినట్టు, లక్షలు పోసి మోటారు కొనే పెద్దమనిషికి ఆ టేపు తీయడమే నామోషీ. తీసినా పలక మూలన పెట్టి కొలుస్తాడు. మోటారు కూర్చునేదేమో నడుమ, అక్కడ చాలా పడవల్లో పలకను కిందికి కోసి ఉంచుతారు. మోటారునైతే నెత్తి నుంచి ప్రొపెల్లర్ కొన దాకా కొలిచి, ఏ పట్టికలోనూ లేని అంకెతో దుకాణాన్ని నిలదీస్తాడు. కొలవాల్సింది పలక మీద ఆనే బ్రాకెట్ లోపలి అంచు నుంచి ఆ అడ్డరేకు వరకే.

20 అంగుళాల పలకకు 15 అంగుళాల మోటారు తగిలిస్తే ప్రొపెల్లర్ నీళ్లతోపాటు గాలినీ లాగుతుంది. ఇంజను ఊరంతా వినబడేలా అరుస్తుంది, పడవ మాత్రం కదలనంటుంది. యజమాని ఆ అరుపునే పవర్ అనుకుని మురిసిపోతాడు. ఈలోగా చల్లబరిచే నీళ్లు లాక్కునే రంధ్రాలకూ గాలే అందుతుంది. పంపులో రబ్బరు ఇంపెల్లర్‌కు కందెన ఆ నీళ్లే. అవి అందకపోతే కాసేపట్లో కాలిపోతుంది. మోటారు వెనక సన్నగా చిమ్మే ధార ఆగిందా, బిల్లు మొదలైనట్టే.

పొడుగెక్కువైతే ఫరవాలేదన్నది రెండో వేదవాక్యం. అలలకు వెనక భాగం లేచిపడే తెరచాప పడవలకు పొడుగు షాఫ్టు కావాలన్న మాట నిజమే. ఆ మాట పట్టుకొచ్చి చెరువులో తిరిగే చిన్న పడవకు అంటగట్టడమే వ్యాపారం. అక్కడ మిగులు అయిదంగుళాలు నీళ్లను ఈడుస్తాయి, తుంపర ఎగజిమ్ముతాయి, లోతు తగ్గగానే నేలను దున్నుతాయి.

ఇంకో రకం మేధావులున్నారు. మోటారు పొట్టిదైందని ఏకంగా పలకనే కోసేస్తారు. వెనక నుంచి వచ్చే అల అంతకాలం ఆ అయిదంగుళాల దగ్గరే ఆగింది. 'కొంప మునిగింది' అన్నది ఇక్కడ అక్షరాలా జరుగుతుంది.

ఆంధ్ర తీరంలో ఫైబర్ తెప్పలకు పెట్టే లాంగ్‌టెయిల్ ఇంజన్లది వేరే దారి; షాఫ్టును ఏటవాలుగా వెనక్కి చాపి, లోతును బట్టి చేత్తోనే ఎత్తుతారు, దించుతారు. అవుట్‌బోర్డుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే మామూలుగా మోడల్ నంబరులోనే పొడుగుకు ఒక అక్షరం ఇస్తారు: షార్ట్‌కు ఎస్, లాంగ్‌కు ఎల్, ఎక్స్‌ట్రా లాంగ్‌కు ఎక్స్. అమ్మకపు ఫోటోల్లో హార్స్‌పవర్ అంకె నిండుగా కనబడుతుంది. ఆ అక్షరమున్న ప్లేటుకు మాత్రం ఎందుకో ఫోటోలో చోటు దొరకదు.