పిట్టలదొర గారు

విజిటర్ వీసా మీద అమెరికాలో ఆరు నెలలు ఉండొచ్చిన పెద్దలు మా ప్రాంతంలో రకరకాలు. కొందరు విమానం దిగింది మొదలు రోడ్డుమీద ఉమ్మేవాళ్ళని తిడతారు. కొందరు కాస్ట్‌కోలో కొన్న బాదంపప్పు ఇంటింటికీ పంచి, ధర డాలర్లలో చెప్పి, రూపాయల్లోకి లెక్క మనచేత కట్టిస్తారు. వీళ్ళతో ప్రమాదం లేదు. నెల తిరిగేసరికి మామూలు మనుషులైపోతారు. నయం కానిది మూడో రకం. వీళ్ళు అక్కణ్ణించి పిట్టని తెచ్చుకుంటారు, పంజరంలో కాదు, బుర్రలో. గుడివాడలో పేటకొకరున్నారు, కైకలూరులో ఇద్దరు ముగ్గురు. మా ముదినేపల్లి వాటాకి ఒకరొచ్చారు.

ఊరు ఆయనకి పిట్టలదొర అని పేరు పెట్టేసింది. ఖాకీ బట్టలు, టోపీ, కర్రతుపాకీతో వచ్చి, మాటలు కోటలు దాటించి, బియ్యం వేయించుకుపోయే వేషగాణ్ణి చూసినవాళ్ళకి ఈ పేరు విప్పి చెప్పక్కర్లేదు. ఈయనకి తుపాకీ బదులు మెళ్ళో బైనాక్యులర్లు. ఖాకీ టోపీ మాత్రం అదే.

జబ్బు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అంటుకుంది, కూతురింటి వెనక చెక్క డెక్కు మీద. అల్లుడు ఆఫీసుకి, మనవడు బడికి, కూతురు పైగదిలో లాప్‌టాప్ ముందు. ఈయనకి కారు నడపడం రాదు. నడిచి వెళితే వీధిలో పలకరించే మనిషి ఉండడు. అలాంటి ఒక మధ్యాహ్నం ఓక్ చెట్టు మీద పిట్ట వాలింది. బూడిదా నీలమూ కలిసిన వీపు, తెల్లటి మొహం, నల్లటి నడినెత్తి, ఉందా లేదా అన్నట్టు తోక. బరువు ఇరవై గ్రాముల పైన ఇంకాస్త ఉంటుందేమో. వాలడం వాలడమే తల కిందికి పెట్టి మాను మీద చరచరా దిగింది. కూతురు వేలాడదీసిన ఫీడర్‌లోంచి పొద్దుతిరుగుడు గింజ ఒకటి, ఒక్కటంటే ఒక్కటే, తీసుకుని, బెరడు సందులో ఇరికించి, ముక్కుతో పొడిచి పగలగొట్టుకు తింది. మళ్ళీ వచ్చి ఇంకోటి తీసుకెళ్ళి ఇంకో సందులో దాచింది. అది చలికాలానికట. దాని పేరు నట్‌హాచ్ అని మనవడు చెప్పాడు. నిజం చెప్పాలంటే, ఆ ఆరు నెలల్లో రోజూ వేళ తప్పకుండా ఆయన్ని చూడ్డానికి వచ్చింది అదొక్కటే. అందుకే ఆయన్ని పూర్తిగా వెక్కిరించడానికి నాకు నోరు రాదు, సగం వెక్కిరిస్తాను.

ముదినేపల్లి చేరిన వారానికి పెరట్లో ఇనప గొట్టం పాతించి, ఆన్‌లైన్లో తెప్పించిన ఫీడర్ తగిలించారు. ‘ఇక్కడికి నట్‌హాచ్ వస్తుంది’ అంటే గొట్టం పాతిన కుర్రాడు, ‘నట్టు సరేనండీ, బోల్టు కూడా వస్తుందా?’ అన్నాడు. వాడికి కూలిలో యాభై తగ్గింది. మొదటిరోజు కాకులొచ్చి ఫీడర్‌ని కిందపడేశాయి. రెండోరోజు చిలకలు దిగి, తిన్నది పావు, పారబోసింది ముప్పావుగా పని ముగించాయి. తరవాత ఆయన దృష్టి కొవ్వు మీదికి మళ్ళింది. అక్కడ గింజలతోపాటు సూయెట్ అని ఒక ముద్ద వేలాడదీస్తారు, నట్‌హాచ్‌కి ప్రాణం. ‘దేంతో చేస్తారండీ అది?’ అని ఇల్లాలు అడిగింది. ఆవు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వని ఈయన శాస్త్రీయంగా వివరించారు. తులసికోటకి నీళ్ళు పోస్తున్న ఆవిడ చెంబు కింద పెట్టింది. ఆ చూపుకే సూయెట్ డాల్డాగా మారిపోయింది. డాల్డాలో వేరుశెనగపప్పు దంచి కలిపి ముద్ద కట్టారు. ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నానికల్లా అది కరిగి ముగ్గు మీద కారింది. సాయంత్రానికి పేటలో ఉన్న చీమలన్నీ మా పిట్టలదొర గారి అతిథులు.

చూడవలసింది ఆయన పాఠం. ఇంటికి ఎవరొచ్చినా, కరెంటు బిల్లు తీసేవాడైనా సరే, పెరట్లోకి నడిపిస్తారు. ‘వడ్రంగిపిట్టని చూశావా? ఎక్కడమే గానీ తల కిందికి పెట్టి దిగడం రాదు దానికి. తోకని ఊతకర్రలా ఆనిస్తే గానీ నిలవదు. మనవాడికి తోకతో పనే లేదు. ఒక కాలు పైన తగిలిస్తాడు, ఒక కాలు కింద ఆనిస్తాడు, జారడు’ అంటూ లుంగీ ఎగ్గట్టి కొబ్బరి మానుకి ఒక కాలు తన్నిపెట్టి చూపిస్తారు. మోకాలు పట్టేస్తుంది. వచ్చినవాడు జబ్బ పట్టుకుని దించాలి. ఇప్పుడు బిల్లులవాడు గుమ్మంలోంచే కాగితం విసిరేసి పోతున్నాడు.

ఒక పొద్దున్న ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ‘వచ్చింది, చప్పుడు చెయ్యకుండా రా’ అన్నారు. వెళ్ళాను. కొబ్బరి చెట్టు మీంచి, నిజంగానే, ఏదో తలకిందులుగా సర్రున దిగుతోంది. బైనాక్యులర్లు నాకిచ్చారు. వీపు మీద మూడు చారలు, వెనక కుచ్చుతోక. ‘ఉడుతండీ’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. అది కూడా వెనక పాదాలు వెనక్కి తిప్పుకుని గోళ్ళు తగిలించుకునే దిగుతుందని, విద్య ఒకటేనని తరవాత సర్దుకున్నారు. అమెరికాలో ఉడుతలు ఎక్కకుండా గొట్టానికి రేకు తొడుగుతారట. ఆయన వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి చిల్లి పెట్టబోతే ఇల్లాలు అడ్డుపడింది. ‘రాముడు వీపు నిమిరిన జాతి. దాని నోటి దగ్గర కూడు తీస్తారా? పైగా నా పళ్ళెంతో!’

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మిత్రుడొకాయన అసలు సంగతి చెప్పి చూశారు. ఈ పిట్టకి చుట్టాలు మన రాష్ట్రంలోనే ఉన్నారు, మారేడుమిల్లి వైపు, పాపికొండల అడవుల్లో. నల్ల నుదురు, ఎర్ర ముక్కు, ఊదారంగు కలిసిన నీలి వీపు, అందానికి అమెరికా దాన్ని మించింది. కానీ అది అడవి దిగి డెల్టాలోకి రాదు. సందులున్న ముదురు బెరడు కావాలి దానికి, మన కొబ్బరి మాను మీద ఏం దాచుకుంటుంది? దొరగారు అంతా విని, ‘ఆ చుట్టరికం మనకొద్దులే. మనకి న్యూజెర్సీదే’ అన్నారు. సంబంధం కుదరలేదన్నమాట.

ఈలోగా ఇల్లాలు, ఎవరికీ చెప్పకుండా, కోతలప్పుడు తెప్పించి దాచిన వరికంకుల కుచ్చు తీసి వసారా దూలానికి కట్టింది. వాళ్ళత్తగారు ఏటా కట్టేవారు. దాని ఖర్చు సున్నా. పది నిమిషాల్లో పిచ్చుకలు దిగాయి. వాటి వెనకే జీనువాయిలు, మెడ పక్కకి వాల్చి, ఒక్కొక్క వడ్లగింజనీ ముక్కులో తిప్పి తిప్పి పొట్టు రాల్చడం మొదలెట్టాయి. రాలిన నూకల కోసం గోరింకలు కింద తిరుగుతున్నాయి. పెరట్లో ఫోన్లో నట్‌హాచ్ కూత పెట్టుకుని కూర్చున్న దొరగారికి ఈ గోలంతా వినిపించింది. ‘కాస్త ఆ పిచ్చుకల్ని అదిలించవోయ్, అసలు పిట్ట బెదిరిపోతుంది’ అని కేకేశారు.

ఇంతకీ ఈయనకి రొయ్యల చెరువుంది. చెరువు మీద పక్షులు వాలకుండా అడ్డంగా తీగలు లాగించి ఉన్నాయి. జబ్బు రొయ్యని ముక్కున కరుచుకొచ్చి పక్క చెరువులో పడేస్తే తెల్లమచ్చ రోగం అంటుకుంటుందని రైతుల భయం, ఆ భయంలో అబద్ధం లేదు. నీటికాకుల కోసం టపాసులు కాల్చడానికి కాపలావాడున్నాడు. కైకలూరు దాటితే కొల్లేటి అంచున ఆటపాక, గూడబాతులు వందలకొద్దీ గూళ్ళు కట్టే చోటు. కొల్లేరు 2002లోనే రామ్‌సర్ జాబితాకెక్కింది. దేశదేశాలవాళ్ళు కెమెరాలు మోసుకుని వస్తారు. ‘ఒకసారి వెళ్ళొద్దామా?’ అన్నాను. ‘వాటినా? మా చేపలు తిని బలిసిన దొంగలు. వాటికి నేను టిక్కెట్టు కొనాలా?’ అన్నారు.

అమెరికా వాడు 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక, కిలోకి వంద తూగే ‘వంద కౌంటు’ రొయ్య ధర ఎలా పడిందో ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. ఆ రోజుల్లోనే కాపలావాడు టపాసుల డబ్బుకోసం వచ్చాడు. దొరగారు పెరట్లోనే నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, వెనక్కి పిలిచి, జాగ్రత్త చెప్పారు.

‘ఒరేయ్, తలకిందులుగా దిగే పిట్ట గానీ కనబడితే దాని మీద మాత్రం కాల్చకు.’

‘మన గట్టు మీద తలకిందులుగా దిగేది వంద కౌంటు రేటొక్కటేనండి’ అని వాడు డబ్బు జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.